పసిపిల్లలతో క్రూజ్‌లో రేవు రోజు: ఎంత దూరం వెళ్లాలి, ఎప్పుడు వెనక్కి రావాలి

నాలుగేళ్ల పాప, ఏడాదిన్నర బాబు. మొదటి క్రూజ్, వారం రోజులు, నాలుగు రేవులు. ప్రతి రేవులోనూ ఓడ పొద్దున 8కి వచ్చి సాయంత్రం 5కి బయల్దేరుతుంది. ఓడవాళ్ల రోజంతా టూరు కట్టుకోవాలా, సొంతంగా తిరగాలా, అసలు దిగకపోతే డబ్బు దండగేనా అన్నది మీ ప్రశ్న.

ఈ వయసు పిల్లలతో రోజంతా టూరు వద్దు. రేవు నుంచి అరగంటలో చేరగలిగే చోటు ఒక్కటంటే ఒక్కటే పెట్టుకోండి. పొద్దున వెళ్లి బాబు మధ్యాహ్నం నిద్రవేళకి కేబిన్‌కి వచ్చేయండి. నాలుగు రేవుల్లో ఒకచోట అసలు దిగకండి. ఎందుకో, ఎలాగో కింద రాస్తున్నాను.

ముందు గంటల లెక్క చూద్దాం. 8 నుంచి 5 అంటే తొమ్మిది గంటలు చేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది, ఉండవు. 8 అనేది ఓడ కట్టే వేళ. స్థానిక అధికారులు ఓడని తనిఖీ చేసి అనుమతిచ్చాకే జనాన్ని దింపుతారు, దానికి మామూలుగా అరగంట, ఒక్కోసారి గంట పడుతుంది. దించడం మొదలవగానే టూర్ల వాళ్లంతా ఒక్కసారి లిఫ్టుల మీద పడతారు. ఆ తొలి ముప్పావుగంటలో స్ట్రోలర్‌తో, అంటే బాబుని తోసే బండితో, లిఫ్టు దొరకడం కష్టం. సాయంత్రం వైపు చూస్తే, 5కి ఓడ కదులుతుందంటే అందరూ ఎక్కి ఉండాల్సిన వేళ, అదే ఆల్ అబోర్డ్, 4:30. కొన్ని కంపెనీలకి 4. ఆఖరి గంటంతా గ్యాంగ్‌వే, అంటే ఓడ ఎక్కే వంతెన, దగ్గర సెక్యూరిటీ స్కానర్ ముందు వరస ఉంటుంది, చాలా రేవుల్లో ఆ వరస ఎండలోనే.

అందుకని లెక్క వెనక నుంచి కట్టుకోండి, అదీ ఆల్ అబోర్డ్ నుంచి కాదు, బాబు నిద్ర నుంచి. వాడు 12:45కి పడుకుంటాడనుకుందాం. 12:15కి భోజనం ముగియాలి, 11:45కి గ్యాంగ్‌వే దగ్గర ఉండాలి, 11:15కి వెళ్లిన చోటు నుంచి కదలాలి. పొద్దున తీరిగ్గా టిఫిన్ చేసి, రద్దీ తగ్గాక 9:15కి దిగితే 9:45కి చేరతారు. అంటే అక్కడ గడిపేది గంటన్నర, ఓడ బయట మొత్తం రెండున్నర గంటలు. ఇంతేనా అనిపిస్తుంది. ఏడాదిన్నర పిల్లాడు కొత్త చోట హుషారుగా ఉండేదీ దాదాపు అంతే. ఆ తర్వాత మీరు చూసేది ఊరిని కాదు, వాడి ఏడుపుని.

ఓడ మధ్యాహ్నం వచ్చి రాత్రి బయల్దేరే రేవైతే లెక్క తిరగేయండి: భోజనం, నిద్ర ఓడలోనే కానిచ్చి 3కి దిగండి. వేడి దేశాల్లో ఇదే మేలు.

ఇక ఎక్కడికి అన్న విషయం. ఓడ కాగితంలో ఉండే ఊరి పేరు చూసి మోసపోకండి. రోమ్ అని ఉంటే ఓడ ఆగేది చివిటావెకియాలో, అక్కడి నుంచి రోమ్ సుమారు 80 కిలోమీటర్లు. ఫ్లోరెన్స్ అంటే లివోర్నో, దాదాపు 90. పారిస్ అంటే లె హావ్ర్, సుమారు 200. బ్యాంకాక్ అని రాసే చాలా ఓడలు లేమ్ చబాంగ్‌లో ఆగుతాయి, వంద కిలోమీటర్లు దాటి. ఇలాంటి రేవుల్లో రానూపోనూ మూడు గంటలకి తక్కువ కాకుండా బస్సులోనే పోతుంది. పెద్దవాళ్లు నగరం చూడాలని పట్టుబడితే ఒకరు పిల్లలతో ఓడలో ఉండి, రెండోవారు ఓడవాళ్ల టూరులో వెళ్లి రావడం మంచిది. అంత దూరం వెళ్లేటప్పుడు మాత్రం ఓడవాళ్ల టూరే తీసుకోవాలి. ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మీ సొంత టాక్సీ ఆలస్యమైతే ఆగదు.

ఓడవాళ్ల టూరుకి ఉన్న గొప్ప లాభం అదొక్కటే. పిల్లలతో చూస్తే దాని లోపం పెద్దది: మధ్యలో వెనక్కి రాలేరు. నలభై మంది బస్సులో మీ పాప బాత్రూమ్ అంటే గైడు ఆపే చోటుదాకా ఆగాలి. బాబు వాంతి చేసుకున్నా ఇంకా రెండు చోట్లు చూశాకే ఓడకి తిరుగుతారు. తీసుకోక తప్పదంటే నాలుగు గంటలు మించనిది, బస్సు ప్రయాణం ఒకవైపు ముప్పావుగంట దాటనిది చూడండి. టూరు వివరాల్లో నడక ఎంత, మెట్లున్నాయా, స్ట్రోలర్ తేవచ్చా అన్నవి రాసి ఉంటాయి. కనీస వయసు కూడా చూసుకోండి.

పిల్లలకి నచ్చే చోటు పెద్దవాళ్ల జాబితాల్లో అడుగున ఉంటుంది. నీడ ఉన్న పార్కు, ఆటస్థలం, అక్వేరియం, అల లేని బీచ్, చిన్న ఫెర్రీ, ట్రామ్, కేబుల్ కార్. ఈ వయసుకి బండి ఎక్కడమే సంబరం, పైనున్న దృశ్యంతో వాళ్లకి పనిలేదు. కొన్ని రేవులు ఇందుకు చక్కగా అమరి ఉన్నాయి. జెనోవాలో అక్వేరియం పాత రేవులోనే ఉంది, ఓడ టెర్మినల్ నుంచి నడిచి పోవచ్చు. సిడ్నీలో ఓడ సర్క్యులర్ కీ దగ్గర కడితే బొటానిక్ గార్డెన్ నడక దూరం. కానీ అదే నగరంలో వైట్ బే రేవు కూడా ఉంది, అక్కడ కడితే ఈ లెక్క చెల్లదు. అలాస్కాలో జూనోలో కొండ మీదికి ట్రామ్ ఓడలు ఆగే చోటు పక్కనే మొదలవుతుంది. మాంటెనీగ్రోలో కోటర్ పాత ఊరి గోడ రేవుకి ఎదురుగానే ఉంటుంది, లోపల కార్లు తిరగవు కాబట్టి పాపని చెయ్యి వదిలి నడిపించవచ్చు. పైనున్న కోటకి వెయ్యికి పైగా మెట్లు, వాటి జోలికి వెళ్లకండి.

మ్యాప్‌లో దూరం చూసేటప్పుడు ఒక పొరపాటు చాలామంది చేస్తారు: రేవు గేటు నుంచి కొలుస్తారు. ఓడ నుంచి గేటుదాకా ఎంతుందో కూడా కలపాలి. మెక్సికోలో ప్రోగ్రెసో జెట్టీ సముద్రంలోకి ఆరు కిలోమీటర్లకు పైగా ఉంటుంది, షటిల్ బస్సులోనే బయటపడాలి. సరుకు ఓడలు కూడా వచ్చే రేవుల్లో లోపల కాలినడకన తిరగనివ్వరు, షటిల్ కోసం కాచుకోవాలి, స్ట్రోలర్ మడవాలి. నాలుగేళ్ల పిల్ల నడకకి కిలోమీటరు అరగంట వేసుకోండి. ప్రతి పిల్లి దగ్గరా ఆగుతుంది కదా.

టెండర్ రేవులు వేరే సంగతి. అంటే ఓడ ఒడ్డుకి రాకుండా లంగరు వేసి, చిన్న పడవల్లో జనాన్ని దింపే రేవులు: గ్రాండ్ కేమన్, శాంటోరిని, బెలీజ్ సిటీ లాంటివి. పడవకి టోకెన్లు ఇస్తారు, వరస ఉంటుంది. ఓడకీ పడవకీ మధ్య అడుగు వేసేటప్పుడు రెండూ ఊగుతుంటాయి, అందుకే స్ట్రోలర్ మడిచి సిబ్బందికి ఇచ్చి, బాబుని బేబీ క్యారియర్‌లో (బిడ్డని ఒంటికి కట్టుకునే పట్టీల సంచి) ఛాతీకి కట్టుకుని, పాప చెయ్యి సిబ్బందికి అందించాలి. రెండు చేతులూ ఖాళీగా ఉండడం ఇక్కడ తప్పనిసరి. గాలి ఎక్కువైతే టెండర్ రేవే మొదట రద్దవుతుంది, ఆ ప్రకటన పొద్దున 7కి రావచ్చు. శాంటోరినిలో పడవ దిగాక కొండపైనున్న ఫిరా ఊరికి కేబుల్ కార్‌లో పోవాలి, లేదంటే ఆరువందలకు దగ్గరగా మెట్లు. నాలుగైదు ఓడలున్న రోజు కేబుల్ కార్ వరస గంట దాటుతుంది, పైకీ కిందికీ కూడా. మీ నాలుగింట్లో టెండర్ రేవు ఉంటే దిగకుండా ఉండాల్సిన రోజు అదే.

దిగకపోతే దండగ అనే బెంగ వద్దు. ఓడలో చాలామంది వెళ్లిపోయిన పొద్దుట జారుడుబల్లల దగ్గర వరస ఉండదు, బఫేలో కిటికీ పక్క బల్ల దొరుకుతుంది. అయితే ముందురాత్రి కేబిన్‌కి వచ్చే దినపత్రంలో రెండు చూడండి: ఏ ఈతకొలను శుభ్రం చేయడానికి మూస్తున్నారు, కిడ్స్ క్లబ్ ఏ వేళల్లో తెరిచి ఉంటుంది. రేవు రోజుల్లో ఈ రెండూ మారతాయి. డైపర్ వాడే పిల్లల్ని మామూలు ఈతకొలనులోకి రానివ్వరు, స్విమ్ డైపర్ వేసినా సరే. వాళ్ల కోసం వేరే నీళ్ల ఆట చోటు ఉన్న ఓడలు కొన్నే. లేకపోతే బాబుకి గాలి ఊదే చిన్న టబ్ కేబిన్ షవర్ కింద పెడితే చాలు. కిడ్స్ క్లబ్ ఎక్కువ ఓడల్లో మూడేళ్లు నిండి, డైపర్ మానిన పిల్లలకే. మీ పాపకి సరిపోతుంది, బాబుకి నర్సరీ ఉంటేనే, అదీ ఎక్కిన రోజే బుక్ చేసుకోవాలి. ఆలస్యం చేస్తే రేవు రోజుల గంటలు అయిపోతాయి.

టాక్సీ గురించి మొహమాటం లేకుండా చెబుతాను. చాలా రేవుల్లో టాక్సీలో పిల్లల సీటు ఉండదు, వ్యానుల్లో వెనక వరసకి బెల్టే ఉండకపోవచ్చు. ‘ఐదు నిమిషాలే కదా’ అని బాబుని ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు. గుద్దుకున్నప్పుడు ఒళ్లో పిల్లాణ్ణి ఎవరి చేతులూ ఆపలేవు. నడిచి వెళ్లే చోటు, ట్రామ్, ఫెర్రీ, రైలు ఎంచుకుంటే ఈ తలనొప్పే లేదు. కారు తప్పదంటే విమానంలో తీసుకెళ్లే తేలిక సీటు ఒకటి బాబుకి తెచ్చుకోండి. పాపకి బూస్టర్ (కారు బెల్టు సరిగా పడేలా పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టే సీటు) సరిపోతుందని అనుకోకండి: నాలుగేళ్ల పిల్లలు చాలామంది దానికి కావలసిన బరువుకి రారు, పైగా నడుం బెల్టు మాత్రమే ఉన్న సీటులో బూస్టర్ వాడకూడదు. సీటు కలిపి ఇచ్చే కారు ముందే బుక్ చేస్తే, పిల్లల వయసుతో పాటు బరువు కూడా రాసి పంపండి. వయసు ఒక్కటే చెబితే తప్పు సీటు వస్తుంది.

స్ట్రోలర్ సన్నగా మడిచేదే తేవాలి. చాలా ఓడల్లో కేబిన్ తలుపు వెడల్పు 22, 23 అంగుళాలే, తలుపు బయట నడవాలో పెట్టనివ్వరు. పాత ఊళ్లలో రాళ్లు పరిచిన వీధుల్లో చిన్న చక్రాలు సందుల్లో ఇరుక్కుని స్ట్రోలర్ ముందుకి తిరగబడుతుంది. అలాంటి చోట వెనక్కి తిప్పి లాక్కుంటూ పోవాలి, లేదా క్యారియర్ వాడాలి. ఎండ తగలకుండా స్ట్రోలర్ మీద దుప్పటి, చున్నీ కప్పడం మాత్రం చేయకండి. గాలి ఆడక లోపల వేడి కొద్ది నిమిషాల్లోనే పెరుగుతుంది, బిడ్డ ముఖం మీకు కనబడదు. పక్కల నుంచి గాలి పోయే గొడుగో, పైకప్పు పొడవుగా ఉన్న స్ట్రోలరో ఉండాలి.

రెండున్నర గంటలకి సంచి ఇంతే: డైపర్లు నాలుగు, తడి తుడుపులు, పిల్లలిద్దరికీ ఒక్కో జత బట్టలు, బాబుని ఎత్తుకునేవారికి ఒక టీషర్టు, జిప్ సంచులు మూడు, ఒక్కొక్కరికి అరలీటరు నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు రెండు, జ్వరం మందు. తినేవి కంపెనీ సీలు ఉన్న పొడి బిస్కెట్ల లాంటివే. బఫేలో పండు, శాండ్‌విచ్ సంచిలో వేసుకుని దిగితే చాలా దేశాల్లో వ్యవసాయ తనిఖీలో తీసి పారేస్తారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో జరిమానా కూడా పడుతుంది, సంచి అడుగున మరిచిపోయిన ఒక్క ఆపిల్‌కైనా సరే. బాబు పాలపొడి డబ్బా సీలు తీయనిది పెట్టుకుంటే మాటలుండవు.

బీచ్ అయితే మరికొన్ని చేరతాయి. స్విమ్ డైపర్ మలాన్ని ఆపుతుంది, మూత్రాన్ని ఆపదు. కేబిన్‌లోనే తొడిగి దించితే దారిలోనే మీ ఒళ్లు, సీటు తడుస్తాయి. బీచ్‌కి వెళ్లాక, నీళ్లలోకి దిగే ముందు మార్చండి, బయటికి రాగానే తీసేయండి. సన్‌స్క్రీన్ కేబిన్‌లోనే, బయల్దేరే 15 నిమిషాల ముందు పూయాలి: ఇసుక అంటిన ఒంటి మీద పూస్తే గీసుకుని పిల్లలు రెండోసారి పూయనివ్వరు. నాలుగేళ్ల పిల్లకి ఒళ్లంతా అంటే సుమారు మూడు టీస్పూన్లు పడుతుంది. చాలామంది అందులో సగం కూడా పూయరు, చెవుల పైభాగం, పాదాల మీద అసలు మరిచిపోతారు. రెండు గంటలకొకసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ పూయాలి. పొడుగు చేతుల ఈత చొక్కా వేస్తే పూయాల్సిన ఒళ్లు సగానికి తగ్గుతుంది, నా ఓటు దానికే. హవాయిలో ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్ అమ్మకాన్ని 2021 జనవరి 1 నుంచి నిషేధించారు, పసిఫిక్ సముద్రంలోని పలావు దేశంలో ఇంకా ఎక్కువ రసాయనాల మీద నిషేధం ఉంది. జింక్ ఆక్సైడ్ రకం తెచ్చుకుంటే ఎక్కడా ఇబ్బంది రాదు. చాలా బీచ్‌లలో కాపలా ఈతగాళ్లు ఉండరు. బాబు చేయి చాచితే అందేంత దూరంలోనే ఉండాలి, ఒక పెద్దకి ఒక పిల్ల అని ముందే పంచుకోండి. ‘ఇద్దరం చూస్తున్నాం’ అనుకున్నప్పుడే ఎవరూ చూడరు.

రేవు దగ్గరి హోటళ్లు ఒకపూట ఈతకొలను వాడుకోనిచ్చే డే పాస్‌లు అమ్ముతాయి. నీడ, శుభ్రమైన బాత్రూమ్, మంచినీళ్ల షవర్ ఒకేచోట ఉంటాయి కాబట్టి మీలాంటివాళ్లకి బీచ్ కన్నా ఇదే నయం. కొనే ముందు పిల్లల కొలను లోతెంత, నీడ గొడుగు పాస్‌లోనే ఉందా, ఓడ ఆ రేవుకి రాకపోతే డబ్బు వెనక్కిస్తారా అని రాతలో అడగండి. ఓడ రేవు మార్చుకుంటే ఓడవాళ్ల టూరు డబ్బు వాళ్లే తిరిగిస్తారు, బయట కొన్నదానికి ఆ హామీ లేదు.

దిగే ముందు ఐదు నిమిషాల పని ఉంది. పిల్లల క్రూజ్ కార్డులు (ఓడ దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ చూపించేవి) ఎవరు ఎవరితో ఉంటారో వాళ్ల జేబులో ఉండాలి. ఇద్దరూ విడిపోయి పాప కార్డు అమ్మ దగ్గర, పాప నాన్న దగ్గర ఉంటే గ్యాంగ్‌వే దగ్గర ఆపేస్తారు. ఆ పూట వేసిన బట్టలతో పిల్లల ఫోటో ఒకటి తీయండి. తప్పిపోతే ఏ రంగు చొక్కా అన్నది ఆ కంగారులో ఎవరికీ గుర్తురాదు. పాప ముంజేతి మీద మీ ఫోన్ నంబరు దేశం కోడ్‌తో సహా బాల్‌పెన్‌తో రాసి, పైన పారదర్శక ప్లాస్టర్ అంటించండి. ఓడ యాప్ ఓడ వైఫైలోనే పనిచేస్తుంది కాబట్టి బయట ఒకరినొకరు పట్టుకోవడానికి మామూలు ఫోన్ లైను ఉండాలి, మ్యాప్ ముందే దించుకోవాలి.

దిగాక వెనక్కి తిరిగి ఓడనీ జెట్టీ బోర్డునీ ఫోటో తీసుకోండి. మెక్సికోలోని కోజుమెల్‌లో ఓడలు కట్టే జెట్టీలు మూడు: రెండు పక్కపక్కన, మూడోది వాటికి కొన్ని కిలోమీటర్ల దూరంలో ఊళ్లో. టాక్సీ అతనికి ‘ఓడ’ అంటే ఏదో ఒకదానికి తీసుకెళతాడు. అదే ఊళ్లో గడియారం చిక్కు కూడా ఉంది: అక్కడ వేసవి సమయం (వేసవిలో గడియారాన్ని గంట ముందుకి జరపడం) పాటించరు, కాబట్టి మయామీ నుంచి వేసవిలో వచ్చిన ఓడ మయామీ సమయాన్నే ఉంచుకుంటే ఊరి గడియారం గంట వెనక ఉంటుంది. ఫోన్ తనంతట తాను ఊరి సమయానికి మారిపోయి, 3:30 చూపిస్తున్నప్పుడు ఓడలో 4:30 అయి ఉంటుంది. ఫోన్‌లో ఆటోమేటిక్ సమయం తీసేయండి, లేదా ఓడ గడియారానికి సరిచేసిన మామూలు చేతి గడియారం ఒకటి పెట్టుకోండి.

తిరిగొచ్చాక సబ్బుతో చేతులు కడగడం ముందు, తిండి తర్వాత. గ్యాంగ్‌వే దగ్గర చేతుల్లో చిమ్మే శానిటైజర్ నోరోవైరస్ మీద సరిగా పనిచేయదు, ఓడల్లో వాంతులు, విరేచనాలు వ్యాపించేది ఎక్కువగా ఈ వైరస్ వల్లే. పిల్లలకి వాంతులు పట్టుకుంటే కేబిన్‌లోనే ఉండమంటారు, మిగతా రేవులూ పోతాయి.

చివరగా, ఓడ తప్పిపోతే. పై లెక్కన మధ్యాహ్నానికే వచ్చేసేవారికి ఇది దాదాపు జరగదు, అయినా దినపత్రంలో పోర్ట్ ఏజెంట్ (ఆ రేవులో ఓడ కంపెనీ పనులు చూసే మనిషి) పేరు, నంబరు ఉంటాయి, ఆ పేజీని దిగే ముందు ఫోటో తీసుకోండి. ఆలస్యమవుతోందని తెలిసిన నిమిషమే ఆ నంబరుకి చెప్పండి. పాస్‌పోర్టులు కేబిన్ సేఫ్‌లో ఉంటే సిబ్బంది వాటిని తీసి ఏజెంటుకి ఇచ్చి వెళ్లే ప్రయత్నం చేస్తారు, కానీ దాన్ని నమ్ముకోవద్దు. పాస్‌పోర్టుల ఫోటోలు, బ్యాంకు కార్డు ఒకటి, బాబుకి రోజూ వేసే మందు ఏదైనా ఉంటే రెండు రోజులకి సరిపడా, మీతోనే ఉంచుకోండి. దేశం కాని దేశంలో అసలు పాస్‌పోర్టే వెంట ఉండాలనే రేవుల్లో ఆ సంగతి ముందురోజు పత్రంలోనే రాస్తారు.